ఎరుపు కనిపించని గది

“గ్యాస్ ప్లాంట్ కంట్రోల్ రూమ్. పదకొండింటికల్లా పెద్ద ట్యాంకు పేల్చాలని విదేశీ ముఠా ప్లాన్,” అన్నాడు చీఫ్. “ట్యాంకుల బొమ్మను స్క్రీన్ మీద గీసే రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాళ్ల చెయ్యి పడిందని సమాచారం. మానిటర్ మెకానిక్ వేషంలో వెళ్లు. రంగులు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చు.”

రంగులు అనగానే ఏజెంట్ గుండె జారింది. ఎరుపుకీ ఆకుపచ్చకీ అతనికి తేడా తెలియదు. ఉద్యోగంలో చేరేటప్పుడు కంటిపరీక్ష పుస్తకంలోని అంకెల్ని అన్నయ్య దగ్గర బట్టీపట్టి గట్టెక్కాడు. పన్నెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

“సరే సర్,” అన్నాడు.

పదిన్నరకు కంట్రోల్ రూమ్‌లో టెస్ట్ చార్ట్ తెరిచాడు. పక్కపక్కన రెండు చదరాలు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ ఉండాలి. అతని కంటికి ఎప్పటిలాగే రెండూ ఒకటే. అవతలి సీట్లోని ఆపరేటరమ్మను ఒక్క మాట అడిగితే సరిపోయేది. పరువు అడ్డొచ్చింది. చార్ట్ మూసేసి, ‘రంగులు ఓకే’ అని సంతకం గీకాడు.

కారిడార్‌లో గుప్పున సెంటు వాసన. నల్ల కోటు, ఎత్తు మడమలు, గోడకి ఆనుకుని నిలబడడంలోనే ఒక వయ్యారం. సాఫ్ట్‌వేర్ కంపెనీ డిజైనర్ ఆమె. చీఫ్‌కీ ముఠాకీ కూడా కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. మారుపేరు నెమలి.

“వాన వెలిసిందా?” కోడ్ ప్రకారం అడిగింది.

“ఇంకా తుంపర.”

“ఆపించేశారుగా?”

“దేన్ని? రంగులు బాగానే ఉన్నాయి. సంతకం పెట్టాను.”

నెమలి ముఖం పాలిపోయింది. “ముఠాకి అనుమానం రాకుండా, ఏ రంగు ఎలా కనిపించాలో చెప్పే లుక్అప్ టేబుల్ మార్చింది నేనే! సాఫ్ట్‌వేర్ ఎరుపనే లెక్కకడుతుంది. స్క్రీన్‌కి చేరేముందు నా టేబుల్ దాన్ని ఆకుపచ్చ చేస్తుంది. ప్రెషర్ హద్దు దాటినా వాళ్లకి పచ్చగానే కనిపిస్తుంది. చార్ట్ చూడగానే మీరు పట్టేస్తారని ధైర్యంగా ఉన్నా. మీకు కళ్లు లేవా?”

టైం పది యాభై ఆరు. కంట్రోల్ రూమ్‌లోకి పరిగెత్తాడు.

“వాల్వ్ మూసెయ్యండి!”

“స్క్రీన్ పచ్చగా ఉంది కదండీ,” అంది ఆపరేటరమ్మ. “మీరేగా ఓకే అని సంతకం పెట్టారు?”

ఏజెంట్ చార్ట్ తెరిచాడు. “ఇవి ఏ రంగులు?”

“రెండూ ఆకుపచ్చే... అదేంటి, ఒకటి ఎరుపు ఉండాలే! ఇందాక మీరు చూళ్లేదా?”

“చూశానమ్మా. ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకలాగే ఉంటాయి. సిగ్గుపడి దాచాను. రంగుల లుక్అప్ టేబుల్ మార్చేశారు, దాన్ని ఆఫ్ చెయ్యండి!”

గదిలో ఉన్న నలుగురూ తిరిగి అతన్ని చూశారు. ఆపరేటరమ్మ మాత్రం అప్పటికే ఆ టేబుల్‌ని ఆఫ్ చేసింది.

“అమ్మో, ట్యాంకు ఎర్రగా నిప్పులా ఉంది!” అని వాల్వ్ బటన్ గుద్దింది. బయట ట్యాంకు మీది ప్రెషర్ ముల్లు ఆఖరి గీత దగ్గర వణికి, మెల్లగా వెనక్కి జారింది.

సాయంత్రానికి నెమలి ఇచ్చిన అడ్రసులో ముఠా మొత్తం దొరికింది. ఏజెంట్ రాజీనామా కాగితం చీఫ్ ముందు పెట్టి, ఉన్నదంతా చెప్పి తలవంచుకున్నాడు.

“పన్నెండేళ్లు నన్నూ బోల్తా కొట్టించావన్నమాట,” అన్నాడు చీఫ్. “నీ శిక్ష సంగతి రేపు తేలుద్దాం. ముందు రిపోర్టు పంపాలి. ఆ ఎర్ర ఫైలు ఇటివ్వు.”

బల్ల మీద రెండు ఫైళ్లున్నాయి. ఏజెంట్ రెండూ ఇచ్చేశాడు.