వారంటులో లేని గది

జంతు సంరక్షణ ఇన్‌స్పెక్టరు ముఖం పాలిపోయి డిటెక్టివ్ దగ్గరికి వచ్చింది. కుక్కపిల్లల వ్యాపారి షెడ్డులో ఇరవై కుక్కలు తిండిలేక చస్తున్నాయని ఫిర్యాదు వస్తే వారంటు తెచ్చి సోదా చేసింది. ఒక్క కుక్కా దొరకలేదు. అతను అమ్మిన పిల్లలు మాత్రం ఎముకలు తేలి ఆసుపత్రికి వస్తూనే ఉన్నాయి.

"పక్కషాపు టైలరు, ఆ వ్యాపారి సొంత బావమరిదే ఫిర్యాదు రాసిచ్చాడండీ, నమ్మకేం చెయ్యను? రేపు ఆ వ్యాపారి ఇంటి తలుపు పగలగొడతాను. ఉద్యోగం పోతే పోనీ."

"కేసు కూడా పోతుంది. వారంటులో ఉన్నది షెడ్డు ఒక్కటే. గీత దాటి పట్టుకున్నది కోర్టులో నిలవదు. కుక్కలు మళ్ళీ అతని చేతికే వెళ్తాయి" అన్నారు డిటెక్టివ్. ఏ కాగితమైనా కామాలతో సహా చదువుతారని ఆవిడని అందరూ కామాగారనే పిలుస్తారు. ఆ మాట వింటే చాలు, ఆవిడ అసిస్టెంటు, రిటైరైన డ్రాయింగు మాస్టారు, పొంగిపోతాడు.

వ్యాపారి నవ్వుతూ ముగ్గురికీ షెడ్డు మళ్ళీ చూపించాడు. మట్టినేల నున్నగా ఉంది, తలుపు మీద గోటిగీత లేదు. షెడ్డు వైపున్న టైలరు గోడకి కిటికీ లేదు. షాపులో మిషను పొద్దస్తమానం గడగడలాడుతోంది గానీ కుట్టిన బట్ట ఒక్కటీ వేలాడటం లేదు, కింద కత్తిరింపు ముక్క లేదు. మాస్టారు ఇవన్నీ చూశాడు, చూసి వదిలేశాడు.

మర్నాడు పొద్దున్నే కామాగారు అందరినీ ఆ షాపులోకే పిలిపించారు.

"కిటికీలోంచి రోజూ చూశానని ఫిర్యాదులో రాశారు. ఆ కిటికీ ఏదీ? ఆ షెడ్డులో కుక్క అడుగుపెట్టిన గుర్తే లేదు. ఖాళీ షెడ్డు మీద కోరి ఫిర్యాదు ఎందుకు? ఒకసారి ఉత్తచేతులతో తిరిగెళ్ళిన అధికారికి రెండో వారంటు అంత తేలిగ్గా రాదని. ఇది మీ బావగారి ఉపాయం."

టైలరు మిషను ఇంకా జోరుగా తొక్కాడు.

"సూదిలో దారం లేదు. కాలు తియ్యండి" అన్నారావిడ.

మిషను ఆగింది. వెనకగదిలోంచి సన్నటి మూలుగు, దాని వెంటే ఇంకోటి వినిపించాయి. ఇన్‌స్పెక్టరు ఆ తలుపు మీదికి ఉరికింది. కామాగారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఎవరైనా రాదగ్గ షాపులో నిలబడి విన్నాం, అది చాలు. మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళండి. ఈసారి గది పేరు రాయించండి."

మాస్టారు వెనకసందులో కాపలా కాశాడు, ఆవిడ ముందుగుమ్మంలో. గంటన్నర పట్టింది. ఆ మూలుగులు వింటూ ఊరికే నిలబడటం కంటే తలుపు తన్నడమే సులువని మాస్టారికి ఆ రోజు తెలిసింది. అతని కళ్ళు తడిశాయి.

ఇన్‌స్పెక్టరు పరుగున వచ్చింది. కొత్త వారంటులో 'కుట్టుషాపు వెనకగది' అన్న మాట మీద వేలు పెట్టి పైకి చదివి, అప్పుడు గొళ్ళెం తీసింది. లోపల ఇరవై కుక్కలు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా మళ్ళీ ఆ బావ చేతికి వెళ్ళలేదు.