ఖాదరు కొట్లో మూడో పిలుపు

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు కట్ట మీద, ఊరి చివర ఒక గేటుంది. ఆ గేటు పక్కనే ఖాదరు రేడియో కొట్టు. రాత్రి పది దాటాక గేటు వేసి ఉంటే జనం యాభై గజాల అవతలే ఆగిపోతారు గాని, ఆ కొట్టు ముందుకి వచ్చి నిలబడరు.

ఈ సంగతి జరిగేనాటికి పదిహేడేళ్ళ కిందట అబ్దుల్ ఖాదర్ ఆ కొట్లోనే కరెంటు పట్టుకుని పోయాడు. బల్ల మీద తల వాల్చి, చేతిలో స్క్రూడ్రైవరుతో... ఆ మర్నాడు వేసిన తాళం మళ్ళీ ఎవరూ తీయలేదు. అయినా రాత్రిళ్ళు లోపల ఎవరో రేడియో స్టేషను వెతుకుతున్నట్టు చప్పుడొస్తుందని చెప్పుకునేవారు.

ఇది నేను చూసింది కాదు. రెండు వేల నాలుగు ఎండాకాలంలో మా అక్క ప్రమీలారాణీ, మా బావ ఇస్సాకూ నాకు చెప్పింది. బావ ఆ గేటుకి గేట్‌మ్యాను. మేం అప్పటికి భిలాయిలో ఉంటున్నాం. సెలవులకి పిల్లల్ని తీసుకుని వెళ్ళినప్పుడు, వాళ్ళు నిద్రపోయారని రెండుసార్లు చూసి వచ్చాకే ఈ కథ చెప్పనిచ్చాను. బావ విన్నది ఏది, అక్క చూసింది ఏది — విడివిడిగా అడిగి తెలుసుకున్నాను. ఒకరు చెప్పింది ఇంకొకరి మీద పెట్టి చెప్పడం నాకు చేతకాదు.

మొదటి రాత్రి. ఆఖరి బండి వెళ్ళిపోయింది. బావ గేటు ఎత్తి, గదిలో చెంబుతో మంచినీళ్ళు తాగుతున్నాడు. ఆకు కదలడం లేదు.

అప్పుడు తాళం వేసిన కొట్లోంచి ఒక మగగొంతు...

"ఆలియా... ఒకటి."

అంతే. వెంటనే ఒక కూత. మనిషిది కాదు, జంతువుది కాదు. ఇనుముని ఇనుముతో కోస్తున్నట్టు, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా... సన్నగా మొదలై, గరగరలాడి, మళ్ళీ సన్నబడి, రెండు మూడు నిమిషాలు సాగి — టక్కున ఆగిపోయింది.

బావ చేతిలో చెంబు కిందపడలేదట. "పడితే చప్పుడవుద్ది కదా. అది వింటది కదా," అన్నాడు.

ఆ గొంతు బావకి బాగా తెలుసు. మాట చివర కాస్త ముక్కుతో పలుకుతుంది. ఒకప్పుడు రోజూ సాయంత్రం "ఇస్సాకూ, టీ తాగుదాం రా" అని గేటు దాకా వినిపించిన గొంతు.

ఆలియా ఖాదరు కూతురు. ఒక్కగానొక్కతి. తండ్రి పోయేనాటికి రెండేళ్ళది. ఇప్పుడు బాపట్లలో హాస్టల్లో ఉండి కంప్యూటర్ ఇంజనీరింగ్ చదువుతోంది. తల్లి రసూల్‌బీ కొట్టు వెనకున్న రెండు గదుల్లో బట్టలు కుట్టి ఆ పిల్లని పెంచింది. ఇంట్లో బల్బు మార్చాలన్నా కూతుర్ని ముట్టుకోనివ్వదు. గేటు దగ్గరికి వచ్చి బావని పిలుచుకుపోతుంది.

ఆ రోజు సాయంత్రమే ఆలియా సెలవులకి ఇంటికొచ్చింది. ఆ రాత్రే... తండ్రి పిలిచాడు.

పొద్దున చెప్తే అక్క నవ్వింది. "డ్యూటీలో నిద్రపోయి కలలు కన్నావని పైవాళ్ళకి తెలిస్తే ఉద్యోగం ఊడుద్ది."

"కలలో దోమలు కుడతాయా ఏంటే? నన్ను కుడుతూనే ఉన్నాయి."

"అయితే ఆ దోమే కూసి ఉంటది, పో."

రెండో రాత్రి అక్క నవ్వలేదు.

వాళ్ళ క్వార్టరు గేటుకి ఇవతల, కొట్టుకి దగ్గర్లోనే. ఇంటి మీద కర్రకి కట్టిన యాంటెనా. ఉక్కకి నిద్రపట్టక అక్క టీవీ ముందు కూర్చుంది. బటన్ తిప్పి స్టేషను పెట్టే పాత టీవీ. సినిమా అయిపోయాక ఊరికే తిప్పుతూ ఉంటే, ఏ స్టేషనూ లేని చోట, తెల్లచుక్కలు బుసబుసమంటున్న తెర మీద ఏదో నల్లగా కదిలింది.

అక్షరం. ఇంగ్లీషు అక్షరం. దాని పక్కన ఇంకోటి... ఇంకోటి...

ఒక్కొక్కటే వచ్చి పేరై నిలబడ్డాయి. ఆలియా!

పేరు చెరిగిపోయింది. ఆ చోటే రెండు చదరపు కళ్ళు వచ్చాయి. కింద నోరు. ఆ ముఖం కాసేపు అక్కనే చూసి... ఒక కన్ను మూసి, తెరిచింది.

అక్క టీవీ ప్లగ్గు పీకింది. మీద దుప్పటి కప్పింది. దుప్పటి మీద బైబిలు పెట్టింది. తలుపు కూడా వేయకుండా గేటు దాకా పరిగెత్తింది.

అక్కడ బావ గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు.

"రెండు అన్నాడే," గుసగుసగా అన్నాడు. "ఆలియా రెండు... అన్నాడు."

మా నాయనమ్మది రేపల్లె దగ్గర నగరం అనే ఊరు. పోయినవాళ్ళు రాత్రిపూట పేరు పెట్టి పిలుస్తారని, మూడో పిలుపుకి పలికితే ఇక వాళ్ళ వెంట పోవడమేనని చెప్పేది. చిన్నప్పుడు నేనూ అక్కా ఆవిడ వెనకాల చేరి వెక్కిరించేవాళ్ళం. ఆ రాత్రి గేటు గదిలో అక్కకి అదొక్కటే గుర్తొచ్చింది, బావకీ చెప్పింది.

ఒకటి అయింది. రెండు అయింది...

మర్నాడంతా చెప్పాలా వద్దా అని బావ కొట్టుకులాడాడు. సాయంత్రం వెళ్ళి చెప్పేశాడు. రసూల్‌బీ కాలి కింద మిషను ఆగిపోయింది. రెండు రాత్రులూ ఫ్యాను హోరులో ఆమెకి ఏదీ వినపడలేదట.

"ఆయన గొంతేనా తమ్ముడూ?"

"ఆయనదే అక్కా."

"కోపంగా ఉందా?"

బావ ఆలోచించాడు. "లేదక్కా. ఏదో పనిలో ఉన్నట్టుంది."

ఆ మాటకి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నన్ను పిలవొచ్చుగా. పిల్లనెందుకు?"

ఆ రాత్రి కూతురి చున్నీ ఒక కొస తన మణికట్టుకి కట్టుకుని, రెండో కొస ఆ పిల్ల చేతికి ముడివేసి పడుకుంది.

మూడో రాత్రి రేపల్లె నుంచి రావలసిన ఆఖరి బండి ఆలస్యం. బావ గేటు వేసి, పచ్చదీపం పట్టుకుని నిలబడ్డాడు. చీకట్లోంచి ఎవరో చెప్పులు లేకుండా పరిగెత్తుకొస్తున్నారు... రసూల్‌బీ. మణికట్టుకి చున్నీ వేలాడుతోంది. రెండో కొస ఖాళీ.

"లేదు తమ్ముడూ... పిల్ల లేదు."

కొట్టు ముప్పై అడుగుల దూరం. కాని బండి కూత అప్పుడే వినపడింది. బండి దాటేదాకా గేట్‌మ్యాను చోటు వదలకూడదు. వదిలితే ఏమవుతుందో ఇరవై రెండేళ్ళ సర్వీసులో బావకి తెలుసు.

అప్పుడే...

"ఆలియా... మూడు."

ఈసారి ఇద్దరూ విన్నారు. వెంటనే ఆ కూత. రసూల్‌బీ బావ చొక్కా పట్టుకుని లాగుతోంది. బావ కదల్లేదు. దీపం పట్టాల వైపే చాపి పట్టుకున్నాడు. బండి వచ్చింది. ఎనిమిది పెట్టెలు. "నా జన్మలో అంత పొడుగు బండి చూళ్ళేదు," అన్నాడు.

బండి దాటింది. గేటు ఎత్తేసి పరిగెత్తారు. కొట్టుకి తాళం తాళంలాగే ఉంది, తుప్పుతో సహా. కాని తలుపు సందులోంచి నీలంగా ఒక వెలుతురు... వణుకుతూ...

ఇంటి వెనక నుంచి కొట్లోకి ఒక చిన్న తలుపుంది. ఖాదరు పోయాక దానికి మేకులు కొట్టించింది రసూల్‌బీ. ఇప్పుడా మేకులు పీకేసి, గుమ్మం మీద వరసగా పేర్చి ఉన్నాయి.

దెయ్యం మేకులు పేర్చదు కదా అని బావకి అప్పుడు తట్టింది.

తలుపు తోశారు. పాత టీవీ ముందు, తండ్రి స్టూలు మీద ఆలియా కూర్చుని ఉంది. ఇంట్లోంచి లాక్కొచ్చిన కరెంటు వైరు, బల్ల నిండా ఇంకేవో వైర్లు, ఒక టేపురికార్డరు, పలకంత నల్లటి పెట్టె, దాని మీద టైపు మిషనుకి ఉన్నట్టు మీటలు. టీవీలో రెండు చదరపు కళ్ళు... ఒకటి మూసుకుని తెరుచుకుంది.

రసూల్‌బీ అవేవీ చూడలేదు. కూతురి చేతిలో స్క్రూడ్రైవరు చూసింది.

"కింద పెట్టు! అది కింద పెట్టు ముందు!"

"అమ్మీ, ఇది బ్యాటరీల టేపురికార్డరు. దీంట్లో కరెంటు లేదు. చూడు, కాళ్ళకి రబ్బరు చెప్పులు కూడా వేసుకున్నా."

ఆ నల్లపెట్టె కంప్యూటరట. ఖాదరు పోయే ముందు ఏడు మద్రాసులో ఫారిన్ సరుకు అమ్మే బర్మా బజారులో కొనుక్కొచ్చి, రిపేరీలు అయిపోయాక రాత్రిళ్ళు దాంతో కుస్తీ పట్టేవాడు. దానికి టీవీయే తెర. రాసిన ప్రోగ్రాము దాచుకోవాలంటే మామూలు పాటల క్యాసెట్టే. ఆ రోజుల్లో అలా ఉండేదని కాలేజీలో మేష్టారు మాటవరసకి చెప్తే, మూసేసిన కొట్లో తన పేరు రాసిన క్యాసెట్ల పెట్టె ఒకటి ఉందని అమ్మ ఎప్పుడో అన్నది ఆలియాకి గుర్తొచ్చింది. అమ్మకి చెప్తే రానివ్వదు. అందుకని తల్లి నిద్రపోయాక రావడం మొదలుపెట్టింది, తెల్లారేలోగా మేకులు మళ్ళీ వాటి బొక్కల్లో గుచ్చేసేది.

"మరి ఆ కూత ఏంటే తల్లీ?" బావ అడిగాడు.

"అదే ప్రోగ్రాము మామా. టేపు మీద అది అలాగే అరుస్తుంది. ఈ స్క్రూ తిప్పుతూ వినాలి. ఎంత పదునుగా అరిస్తే కంప్యూటరు అంత బాగా చదువుతుంది. ఒక్కోదానికి ఒక్కో రాత్రి పట్టింది."

"గొంతు?"

"క్యాసెట్లో ఏది ఎక్కడుందో తెలియడానికి, ముందు వైరు పీకేసి నోటితో పేరు చెప్తారు. తర్వాత వైరు గుచ్చి ప్రోగ్రాము ఎక్కిస్తారు. ఈ బొమ్మ నాన్న నా కోసం రాసింది. ఒకటి నచ్చక రెండు, రెండు నచ్చక మూడు..."

"మరి మా టీవీలోకి ఎట్టా వచ్చింది? మీ అత్త టీవీ మీద బైబిలు పెట్టింది!"

ఆలియా టీవీ వెనక్కి చూసి నాలిక కరుచుకుంది. "యాంటెనా వైరు తీయడం మర్చిపోయా మామా. దాంట్లోంచి పక్కిళ్ళకి వెళ్ళినట్టుంది."

బావ నేల మీద చతికిలబడి నవ్వాడట. మూడు రాత్రుల నవ్వు ఒక్కసారే. రసూల్‌బీ నవ్వలేదు.

"ఆయన గొంతు... నాకు వినిపించు," అంది.

"నాలుగు కూడా ఉన్నట్టుంది అమ్మీ. నేనూ ఇంకా వినలేదు."

బటన్ నొక్కింది.

"ఆలియా... నాలుగు."

కూత కోసం చెవులు రిక్కించారు. రాలేదు. స్టూలు కిర్రుమంది. ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నారు. ఎక్కడో బండి వెళుతున్న చప్పుడు...

ఆలియా టేపురికార్డరు మీదికి వంగింది. "పేరు చెప్పాక వైరు గుచ్చడం మర్చిపోయాడమ్మీ. ప్రోగ్రాము ఎక్కలేదు... కొట్లో చప్పుడు ఎక్కింది."

టేపులో ఒక చిన్నపిల్ల ఏదో వాగింది. "ముట్టుకోకమ్మా, కాలుద్ది," అన్నాడు ఖాదరు. ఆలియా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ కూనిరాగం. తర్వాత, కాస్త గట్టిగా...

"రసూల్‌బీ... టీ పెట్టావా?"

"తెస్తున్నానండీ!"

పలికింది టేపు కాదు. పక్కన నిలబడిన రసూల్‌బీ. అనేశాక తనే ఉలిక్కిపడింది.

టేపు తిరుగుతోంది... ఒక్క క్షణం...

"తొందరేం లేదులే. మెల్లగా రా."

టక్. క్యాసెట్టు అయిపోయింది.

ఆలియా క్యాసెట్టు తీసి, రెండు వైపులా తిప్పి చూసి అంది. "అప్పుడు నువ్వు ఇంట్లోంచి జవాబు చెప్పుంటావమ్మీ. మైకుకి అంది ఉండదు. అంతే."

అంతే అని బావా అన్నాడు.

వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. ఆలియా నాలుగు... ఉంది. కూనిరాగం ఉంది. ముట్టుకోకమ్మా... ఉంది. "రసూల్‌బీ... టీ పెట్టావా?" ఉంది. ఈసారి ఆమె పెదవులు బిగబట్టి నిలబడింది.

తర్వాత... ఏమీ లేదు. టేపు చివరిదాకా వట్టి బుసబుస.

ఆలియా మూత తీసి లోపల దూదితో తుడిచింది. దూదికి ఎర్రమట్టి లాంటి పొడి అంటుకుంది. "పాత టేపు కదా మామా. పైపూత రాలిపోతుంది. ఒక్కసారి పలికి, ఆ కాస్తా రాలిపోయి ఉంటుంది." ఆ పిల్ల చదువుకున్నది. బావ నమ్మానన్నాడు. నేనూ అలాగే రాస్తున్నాను.

శుభ్రంగా తుడిచాం కదా, ఇంకొక్కసారి చూద్దామని ఆలియా క్యాసెట్టు వెనక్కి తిప్పింది. బావకి అప్పుడు మా నాయనమ్మ లెక్క గుర్తొచ్చిందట. రసూల్‌బీని ఒకసారి పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు...

ఆలియా వేలు బటన్ మీదికి వెళ్ళింది. రసూల్‌బీ ఆ వేలు పట్టుకుంది.

"చాలమ్మా," అంది. "తొందరేం లేదన్నాడుగా."