గంజి పోయని మంచం

రండి, రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు ఆపండి. పిల్లాడి చేతిలో గిలక్కాయ లాగేయండి. దగ్గేవాళ్ళుంటే ఇప్పుడే దగ్గేసి కూర్చోండి. సారా కోపం గురించి చెప్పేటప్పుడు మధ్యలో నోరు తెరిస్తే ఆ సెగ మీకే తగులుతుంది, తర్వాత అనుకుని లాభం లేదు.

ఒమన్‌లో అప్పుడప్పుడే తారు రోడ్లు పడుతున్న డెబ్బైల నాటి మాట. మస్కట్ పక్కన మత్రాలో, ఓడరేవు వెనక కొండ కింద, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నోవహు, సారా అనే భార్యాభర్తలు రెండు గదుల ఇంట్లో ఉండేవారు. నోవహు సిమెంటు గోదాములో స్టోర్‌కీపరు. సారా ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు నర్సు. సారాకు కోపం వస్తే రేవులో ఓడలు తమ లంగరు గట్టిగా ఉందో లేదో చూసుకునేవని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు. అంత ఉండదులెండి. ఒక్క పడవ తాడు తెగిన మాట మాత్రం నిజం.

ఆ గురువారం పొద్దున సారా నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నోవహు వంటింట్లో గంజి కలుపుతున్నాడు. కలపడం అంటే గరిటెతో కాదు, పడవ తెడ్డుతో. ఆ గిన్నె అంత పెద్దది. ఓసారి అందులో జారిపడిన ఉల్లిపాయ మర్నాటికి గానీ దొరకలేదు.

ఆ గంజి ఇంట్లోకి కాదు. బొంబాయి నుంచి వచ్చి రేవులో క్రేన్లు బాగుచేసే పెంకర్ తాత యూదుడు. ఆయన ఇంట్లో ప్రతి శనివారం తలుపులు దగ్గరగా వేసుకుని ఓ పదిమంది ప్రార్థన చేసుకునేవారు. తమ పూర్వీకులూ ఆ జాతివాళ్ళేనని నోవహు తండ్రి చెబుతుండేవాడు కాబట్టి, మత్రాలో దిగగానే నోవహు ఆ సమాజంలో చేరిపోయాడు. వాళ్ళు పెట్టుకున్న సేవ రోగుల పరామర్శ. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళి, నా అనేవాళ్ళు లేని కూలీలకు గంజి పోసి, గడ్డాలు గీసి, గోళ్ళు తీసి, కాసేపు కబుర్లు చెప్పి రావాలి. ఏ మతమని అడగకూడదు, ఏ దేశమని అడగకూడదు, ఒక్క మంచం దాటకూడదు.

"వచ్చావా సారా? జీలకర్ర డబ్బా ఎక్కడ పెట్టావే? షినాస్ నుంచి జాలర్లెవరో కొత్తగా చేరారంట, గంజి సరిపోతుందో లేదో" అన్నాడు నోవహు, తల తిప్పకుండానే.

సారా చెప్పులు విడవలేదు.

"మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం సంగతేంటండీ?"

తెడ్డు ఆగింది. "ఏ కిటికీ?"

"ఎన్ని కిటికీలున్నాయి ఆ వార్డులో? మీ తమ్ముడు పడుకున్న కిటికీ!"

నోవహు మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు, ఈసారి వేగంగా.

నోవహు తమ్ముడు యేసుదాసు. మిషన్ బడిలో చేర్చినప్పుడు ఆ పేరు పెట్టారు, అదే ఉండిపోయింది. సారా పెళ్ళై ఆ ఇంటికి వచ్చేనాటికి వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. తల్లి లేని పిల్లాడిని సారాయే పెంచింది. ఒమన్‌కి తెప్పించి లారీ డ్రైవరుగా కంపెనీలో పెట్టించిందీ ఆమే. పదిహేను రోజుల కింద సైట్‌లో పరంజా విరిగి వాడి మీద పడింది. కాలు ఇక వంగదన్నారు డాక్టర్లు. వంగని కాలు మాకెందుకని కంపెనీ వీసా రద్దు చేసి, ఊరికి పొమ్మని ఎగ్జిట్ కొట్టింది. ఆదివారం విమానం.

ఆ పొద్దున సారా వాడిని చూడ్డానికి వెళితే వాడు నిద్రలో ఉన్నాడు. పక్క మంచం మీది లచ్చన్న, కరీంనగర్ వైపు మేస్త్రీ, చెయ్యి ఊపి పిలిచాడు.

"సిస్టరమ్మా, మీ గంజి సారు మంచోడే గని, గీ పిలగాడేం పాపం జేసిండు? పోయిన వారం నాకు రెండు గిన్నెలు పోసిండు. అవుతల పఠానుకు పోసిండు. నడుమల గీ మంచం కాడికచ్చి మోరీ దాటినట్టు దాటిపోయిండు. ఈ పోరడేమో గోడ దిక్కు మల్లి పండుకున్నడు. గా రోజంత ఒక్క ముద్ద ముట్టలే."

ఆ మాట విన్న దగ్గర్నుంచి ఇంటిదాకా సారా నడిచిందో, కోపమే ఆమెను మోసుకొచ్చిందో ఆమెకే తెలియదు. దారిలో ఎదురొచ్చిన గాడిద ఒకటి తనంతట తనే పక్కకు తప్పుకుందట.

"వాడు నాతో మాట్లాడడు. నేనేం చెయ్యను?" అన్నాడు నోవహు.

"మాట్లాడకుండా చేసిందెవరు?"

చేసింది నోవహే. అంతకు ఏడాది ముందు, ఒక శనివారం, సమాజం వాళ్ళు వీళ్ళింట్లోనే భోజనానికి కూర్చున్నారు. శనివారం పొయ్యి ముట్టించకూడదు, బండి ఎక్కకూడదు. కొత్తగా చేరినవాడు కాబట్టి నోవహుకి ఆ పట్టింపు పాతవాళ్ళ కంటే నాలుగింతలు. అప్పుడు వాకిట్లో లారీ ఆగింది. యేసుదాసు దిగి, చేతులు కడుక్కుని, "వదినా, ఆకలి" అంటూ కూర్చున్నాడు. సారా వడ్డించింది. నోవహు లేచి ఆ పళ్లెం లాగేశాడు. "శనివారం లారీ తోలుకొచ్చినవాడికి ఈ ఇంట్లో అన్నం లేదు" అన్నాడు, పదిమందీ వింటుండగా. యేసుదాసు కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. దాన్ని చూసుకున్నాడు, నేల మీద పెట్టాడు, వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"నియమం నియమమే కదా" అని గొణిగాడు నోవహు.

అంతే. సారా తెడ్డు లాక్కుని కడవెడు నీళ్ళు పొయ్యిలో గుమ్మరించింది. లేచిన ఆవిరికి ఇల్లు కనబడకుండా పోయింది. మబ్బు పట్టిందనుకుని పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలు తీసుకున్నారు.

"ఈ పొయ్యి నాది, ఈ గిన్నె నాది. మీ సేవ నా వంటింట్లో ఇవాళ్టితో బంద్! ఊళ్ళో వాళ్ళ గోళ్ళన్నీ తీస్తారు. సొంత తమ్ముడు కాలు విరిగి పడుంటే మోరీలా దాటతారా? ఎవరి కోసమండీ ఈ గంజి? తాగేవాళ్ళ కోసమా, మిమ్మల్ని మంచివాడనే వాళ్ళ కోసమా?"

"సారా, నలుగురూ వింటారు."

"వినాలి! నలుగురి ముందే కదా పళ్లెం లాగారు!"

సరిగ్గా అప్పుడే గిన్నె మోయడానికి పెంకర్ తాత వచ్చాడు. ఆయన మాట్లాడేది హిందీ కలిసిన తెలుగు. "అరే, ఏమైంది బేటీ?" అన్నాడు ఆవిరిలో తడుముకుంటూ. సారా మొత్తం చెప్పేసింది. పళ్లెం లాగిన శనివారం తాత సలాలా రేవులో పని మీద ఉన్నాడు, ఆయనకి ఇదేమీ ఎవరూ చెప్పలేదు.

"ఆ రోజు పిల్లాడు లారీ ఎందుకు తోలాడు?" అని అడిగాడు.

"సైట్‌లో గోడ కూలి ఒకడి తల పగిలింది. వాడిని లారీలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చాడు. అక్కడ్నించి తిండి లేక నేరుగా మా ఇంటికొచ్చాడు. ఎందుకొచ్చావని ఈయన ఒక్కమాట అడగలేదు. ఆ రాత్రే నేను చెప్పాను. చెప్పానా లేదా?"

"చెప్పావు" అన్నాడు నోవహు.

"మరి?"

"పదిమంది ముందు అన్న మాట మళ్ళీ పదిమంది ముందు ఎలా వెనక్కి తీసుకోనే?"

పెంకర్ తాత మొహం మాడిపోయింది. "ప్రాణం పోతుంటే శనివారాన్ని పక్కన పెట్టమనేదే మన ధర్మం. ఆ రోజు ధర్మం చేసింది నీ తమ్ముడు. నువ్వు చేసింది అన్యాయం. దేవుడికి చేసిన తప్పు దేవుడి దగ్గర చెప్పుకో. మనిషికి చేసింది ఆ మనిషే వదలాలి. వెళ్ళి అడుగు. సాక్షుల్ని పెట్టుకుని మూడుసార్ల వరకు అడగాలి. మూడుసార్లూ కాదంటే ఇక నీ పని అయిపోయినట్టే, ఆ తప్పు కాదన్నవాడి మీదకి పోతుంది."

ఆ చివరి మాటకి నోవహు మొహం వీధిలోకి మంచినీళ్ళ ట్యాంకరు వచ్చినప్పటిలా వెలిగింది. సారా అది చూసింది. చూసి పళ్ళు కొరికింది.

ఆ మధ్యాహ్నం వార్డులో కిటికీ పక్క మంచం దగ్గర నోవహు నిలబడ్డాడు. వెనక సాక్షులుగా పెంకర్ తాత, సమాజం వాళ్ళు ఇద్దరు. సారా తలుపు దగ్గర ఆగింది. నోవహు గొంతు సవరించుకుని, కోర్టు నోటీసు చదివినట్టు అన్నాడు: "యేసుదాసూ, ఆనాడు జరిగినదానికి ఒకవేళ నీ మనసు నొచ్చుకుని ఉంటే క్షమించమని అడుగుతున్నాను."

గోడ వైపు ఉన్న తల గిర్రున తిరిగింది.

"ఒకవేళా? ఒకవేళ నొచ్చుకుని ఉంటేనా? నువ్వు లాక్కుంది పళ్లెం కాదు అన్నయ్యా! అమ్మ లేని ఇంట్లో నాకు మిగిలింది వదిన చేతి అన్నం ఒక్కటే. అది తినే అర్హత నాకు లేదన్నావు. ఏడాది నుంచి ఎక్కడ కూర్చుని ముద్ద కలిపినా నువ్వొచ్చి లాక్కుంటావేమోనని చుట్టూ చూసుకుంటున్నాను. వెళ్ళు. నీ క్షమాపణ నాకొద్దు."

"ఒకటాయె" అన్నాడు పక్క మంచం నుంచి లచ్చన్న.

"సాక్షులు వినండి, రెండోసారి అడుగుతున్నాను" అన్నాడు నోవహు ఊపిరైనా తీసుకోకుండా.

యేసుదాసు చేతికందిన స్టీలు గ్లాసు విసిరాడు. అది నోవహు చెవి పక్కనుంచి దూసుకుపోయి, గోడకు కొట్టుకుని, వరండాలో దొర్లి, మెట్లు దిగి, అప్పటికీ ఆగలేదంటే నమ్మండి.

"రెండు!" అన్నాడు లచ్చన్న హుషారుగా.

నోవహు మూడోసారికి నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి మాట రాకముందే సారా భర్త చొక్కా పట్టుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చింది. సాక్షులు దారి ఇచ్చారు, పెంకర్ తాతతో సహా.

"ఏం చేస్తున్నారు మీరు? తప్పు ఒప్పుకుంటున్నారా, వదిలించుకుంటున్నారా?"

"తాత చెప్పినట్టే చేస్తున్నాను కదా!"

"వాడు కాదంటాడని మీకు తెలుసు. కాదనాలనే గబగబా అడుగుతున్నారు. మూడోది కూడా అనేస్తే చేతులు దులుపుకోవచ్చు. వాడు కాలు పోగొట్టుకుని, కూడు పోగొట్టుకుని ఊరికి పోతున్నాడు. మీ తప్పు కూడా మూట కట్టి వాడి నెత్తిన పెట్టి విమానం ఎక్కిస్తారా? నా చేత్తో నీళ్ళు పోసి పెంచిన పిల్లాడండీ వాడు. వాడు ఇలా వెళ్ళిపోతే మళ్ళీ నా మొహం చూడడు. చూడకపోతే నేను మీ మొహం చూడను. ఇది నా ఒకే ఒక్క నియమం!"

సారా కంట్లో మాత్రం నీరు రాలేదు. కోపం ఆ నీటిని ఎప్పుడో తాగేసింది. నోవహు మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆసుపత్రి తోటమాలి అతని చుట్టూ చెట్లకు నీళ్ళు పెట్టి వెళ్ళాడు.

శనివారం పొద్దున సమాజం ప్రార్థనకు కూర్చునే వేళకి సారా వార్డులో యేసుదాసు తల దువ్వుతోంది. తలుపు దగ్గర నీడ పడింది. నోవహు. శనివారం కాబట్టి బండెక్కకుండా ఇంటి నుంచి ఎండలో నడిచొచ్చాడు, చొక్కా పిండితే బిందె నిండేలా ఉంది. సాక్షులు లేరు. చేతిలో గంజీ లేదు.

"ప్రార్థన మానేసి వచ్చారా?" అంది సారా, దువ్వెన కత్తిలా పట్టుకుని.

నోవహు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఏం, మూడోది అడగడానికొచ్చావా? అడుగు. కాదంటాను, నీ పని అయిపోతుంది" అన్నాడు యేసుదాసు.

"అడగను."

"ఏం?"

"అడిగితే నువ్వు కాదంటావు. కాదంటే ఆ తప్పు నీ మీదకి వస్తుందంట. నీకెందుకురా అది? అన్నం లాక్కుంది నేను. గంజి గిన్నెతో నీ మంచం దాటింది నేను. నువ్వు ఇటు తిరిగి చూస్తావేమోనని భయపడి దాటాను. అది నా దగ్గరే ఉండనీ. చచ్చేదాకా మోస్తాను. నీ మీదకి మాత్రం రానివ్వను."

యేసుదాసు మోచేయి ఊని అన్న వైపు తిరిగాడు.

"అంటే, ఇంక అడగవా?" అన్నాడు.

"అడగను. ఊరికే వచ్చాను, నిన్ను చూడ్డానికి. ఎవరికైనా చేసేదే. నీకే చెయ్యలేదు."

యేసుదాసు తలగడ తీసి అన్నను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. "ఈ మాట ఏడాది కింద అనడానికి నీకు నోరు లేదా? నేను ఎన్నిసార్లు మీ వీధి చివర లారీ ఆపుకుని కూర్చున్నానో తెలుసా? వదిన వంట వాసన చూసి వెళ్ళిపోయేవాణ్ణి!" తలగడ చిరిగి దూది లేచింది. నోవహు ఒక్క దెబ్బకీ చెయ్యి అడ్డు పెట్టలేదు. కొట్టి కొట్టి అలిసి యేసుదాసు అన్న భుజం మీద పడి ఏడ్చాడు. నోవహు ఎంత ఏడ్చాడంటే, కింద నేల తుడిచే మనిషి ఆ రోజు విడిగా నీళ్ళు తెచ్చుకోలేదు.

"ఏడవండి, ఇద్దరూ ఏడవండి! ఏడాది పాటు నా ప్రాణం తోడి ఇప్పుడు ఏడుస్తున్నారు! ఒకడు గడప తొక్కడు, ఒకడు మంచం దాటతాడు, మధ్యలో నేనేమైపోవాలి?" అని సారా అరిచింది. అరుస్తూనే చెంప తడిసిందని గమనించింది. ఇన్నాళ్ళూ ఈ ఇద్దరి మీదా కోప్పడటంలో పడి తనకూ ఏడుపు ఉందన్న సంగతే మరిచిపోయింది. ఇద్దరి తలలూ దగ్గరికి లాక్కుని గుండెకి అదుముకుంది.

"రేపు విమానానికి మన ఇంట్లోంచే బయల్దేరతావు" అంది మరిది జుట్టులో దూది ఏరుతూ. "సాయంత్రం డాక్టరుకి చెప్పి తీసుకెళ్తాం. పొద్దు గుంకాక పొయ్యి ముట్టిస్తాను. నీ పక్కన మీ అన్న కూర్చుంటాడు. పళ్లెం మీద చెయ్యేస్తే చెయ్యి విరుస్తాను."

"నేనే కలిపి పెడతాను" అన్నాడు నోవహు ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వు కలిపితే గంజి అవుతుంది. వదిన కలపాలి" అన్నాడు యేసుదాసు.

వార్డంతా నవ్వింది. తనకేమీ అర్థం కాకపోయినా పఠాను కూడా నవ్వాడు. లచ్చన్న ఒక్కడే నవ్వలేదు. మంచం మీద లేచి కూర్చుని, ఏదో పెద్ద నష్టం జరిగినట్టు తల గోక్కున్నాడు.

"గదంత మంచిగనే ఉన్నది గని సారూ, గా మూడోది మిగిలిపాయె గద! ఊకె పాడు జేసుడెందుకు? నన్నడుగు. పుట్టినకాడికెల్లి నన్ను ఎవ్వలూ మాపీ అడగలే. నేనైతే గిన్నెడు గంజి పోస్తే ఇప్పుడే ఒప్పుకుంట!"