తెగని పసుపు గీత

"మా మరిదే చంపాడండీ," అంది ఆవిడ, కుర్చీలో కూర్చోకముందే. "పోలీసులు ప్రమాదమని చేతులు దులుపుకున్నారు. చక్రం బోల్టులు వదులు చేసింది వాడే. వాడికి శిక్ష పడాలి."

ఆవిడ భర్త ఇంటి వెనక షెడ్డులో సొంతంగా ఒక కారు కట్టుకున్నాడు. మొదటిసారి వీధిలోకి తీస్తే పల్లంలో ముందు చక్రం ఊడింది. కారు పోయి గోడకి కొట్టుకుంది. స్టీరింగు ఛాతీలో దిగబడి, ఆయన చాలాసేపటికి గానీ పోలేదు.

"మీరు ఎక్కలేదా?" అడిగాడు డిటెక్టివ్.

"ఒక చుట్టు తిరిగి రండి, తర్వాత ఎక్కుతానన్నాను."

డిటెక్టివ్ శిష్యుణ్ణి వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్ళాడు. ఊడకుండా మిగిలిన ముందు చక్రం మీద, ప్రతి బోల్టు తలనుంచి పక్క రేకు దాకా సన్నటి పసుపు రంగు గీత ఉంది.

"అది మా అన్న పద్ధతండీ," అన్నాడు మరిది. "బిగించగానే గీస్తాడు. తర్వాత ఎవడైనా కదిపితే గీత రెండు ముక్కలవుతుంది. ఎవర్నీ నమ్మే రకం కాదు."

"నిన్ను కూడా?"

"నన్నయితే ఈ గుమ్మమే దాటనిచ్చేవాడు కాదు. వదినే పక్కనుండాలి. క్వారీలో డ్రిల్లు పట్టీ పట్టీ చెవులు పోయాయి, చేతులు మొద్దుబారాయి. సిగరెట్టు వేళ్ళదాకా కాలినా తెలిసేది కాదు." మరిదికి నవ్వొచ్చింది. "'బండి తయారైతే మొదటి ట్రిప్పు మీ వదిన్ని పుట్టింట్లో దిగబెట్టడానికేరా, వచ్చేటప్పుడు ఆ సీటు ఖాళీ' అనేవాడు, నలుగురిలోనూ. భలే మనిషి!"

వదిన గుమ్మంలో నిలబడి వింటోంది.

డిటెక్టివ్ ఒక బోల్టుకి పానా తగిలించి రెండు వేళ్ళతో తోశాడు. సులువుగా తిరిగింది. గీత అప్పుడు తెగింది. గోడకున్న టార్క్ రెంచి తీశాడు. ఎంత బలంతో బిగించాలో పిడి మీద అంకె పెడితే, అంత బిగువు రాగానే 'టక్'మనే పనిముట్టు అది. పెట్టిన అంకె అలాగే ఉంది. అదే బోల్టుని ఒళ్ళు బిగబట్టి తిప్పాడు. చివరికి టక్‌మంది.

"రెంచిలో దోషం లేదు," అన్నాడు.

"బోల్టు వదులుగా ఉంది, గీత మాత్రం తెగలేదు. ఇదెలా కుదురుతుంది సార్?" శిష్యుడు కళ్ళింత చేసుకున్నాడు.

"ఇన్‌స్పెక్టరుగార్ని పిలుచుకురా."

అందరూ షెడ్డులో చేరారు. డిటెక్టివ్ కారు మీద చెయ్యి వేసి మొదలుపెట్టాడు.

"ఎవరూ వదులు చెయ్యలేదు. చేసుంటే గీతలు ముందే తెగాలి. అంటే బోల్టులు మొదట్లోనే బిగుసుకోలేదు. బిగించింది ఆయనే, గీసింది ఆయనే. కానీ ఆ టక్కు ఆయన చెవికి వినపడదు, చేతికి తెలియదు. మరి ఎప్పుడు ఆపాలో ఎవరు చెప్పేవారు? పక్కన నిలబడి మీరేం చేసేవారమ్మా?"



"భుజం మీద తట్టేది," అన్నాడు మరిది. "గుమ్మం బయటినుంచి చూసేవాణ్ణి."

"ఈసారి టక్కు రాకముందే తట్టారు. ఒక్కో బోల్టుకీ. ఎవర్నీ నమ్మని మనిషి, మీ చెయ్యి తగలగానే రెంచి దించి గీత గీసుకున్నాడు."

శిష్యుడు ఉండబట్టలేకపోయాడు. "ప్రమాదమని పోలీసులే వదిలేశారు కదమ్మా! మా దగ్గరికెందుకొచ్చారు?"

ఆవిడ మరిదికేసి వేలు చూపించింది.

"ఆయన ఆ ఖాళీ సీటు మాట అన్నప్పుడల్లా వీడు నవ్వాడు."

ఏం చెయ్యాలో తోచక మరిది మళ్ళీ నవ్వబోయాడు.