వెనక జోడీ

నా బండిని చూసినవాళ్లు ఎవరైనా ముందు ఒకసారి మురిసిపోవాలి. అది నేను పెట్టుకున్న నియమం. ముందు నుంచి చూస్తే కారు, వెనక నుంచి చూస్తే లారీ. డబుల్ క్యాబిన్ పికప్, తెల్ల రంగు. వచ్చి రెండు నెలలు కాలేదు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు.

ఆ బుధవారం పొద్దున చండ్రుగొండలో టైర్ల షాపు ముందు ఆపితే, షాపులో ఉన్న అమ్మాయి నా బండిని అసలు చూడనే లేదు. దుపట్టా నడుముకు బిగించి, గాలి కొలిచే గేజి చేతిలో పట్టుకుని, వెనక టైరు దగ్గర కూర్చుని దాని పక్కన రాసి ఉన్న అంకెలు చదవడం మొదలుపెట్టింది.

"కొంచెం గాలి చూడాలె," అన్నాను. "పాషా చాచా లేడా?"

"గాలి చూడనీకి చాచా ఎందుకు? నేను సరిపోనా?"

"సరిపోతరు మేడం. నేనేం అనలే కదా."

"అన్నరు. మొహంతోని అన్నరు."

నా మొహం మీద నాకు చాలా నమ్మకం ఉండేది. ఆ రోజుతో కొంచెం తగ్గింది.

నా పేరు దానిష్. మాది వేంసూరు. మా అమ్మ సఫూరాది టెంట్ హౌస్. పెళ్లికి కావలసినవన్నీ, పెళ్లికొడుకు తప్ప, మా దగ్గర కిరాయికి దొరుకుతాయి. అప్పుడు మణుగూరు కాలనీలో గురువారం జరిగే పెళ్లికి సామాను తీసుకుపోతున్నాను. బండిలో బిర్యానీ వండే దేగ్చాలు, ఇనుప పైపులు, కార్పెట్లు. బండి వెనక హుక్కుకి రెండు చక్రాల ట్రాలీ మీద డీజిల్ జనరేటర్. దాన్ని ఈ కొత్త బండితో లాగడం అదే మొదటిసారి.

ఆమె లేచి నిలబడి ట్రాలీ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. రెండు చూపులకూ పెద్ద తేడా లేదు.

"ఈ టైర్ల మీద దీన్ని గుంజుకపోతరా? మణుగూరు దాకా?"

"కంపెనీ టైర్లు మేడం!" అన్నాను గర్వంగా. "బండితోని వచ్చినవి."

"కంపెనీవాళ్లు మీ జనరేటర్ను చూసి బిగించిన్రా?"

నేను వంగి టైర్ల వైపు చూశాను.

"మంచి టైర్లే," అంది ఆమె. "నేను కాదంటలే. బండికి మంచివి. కానీ వీటికి బండి తెలుసు, వెనకాల వచ్చేది తెల్వదు. ఇదిగో, నూట నాలుగు అని ఉంది చూడుండ్రి. అంటే ఒక్క టైరు తొమ్మిది వందల కిలోలు మోస్తది. రెండు కలిపి?"

"పద్దెనిమిది వందలు. లెక్కలు నాక్కూడ వస్తయి."

"బండి సొంత బరువు వెనక టైర్ల మీద ఎనిమిది వందలు. మీ దేగ్చాలు, పైపులు ఇంకో ఎనిమిది వందలు. ఇగ జనరేటర్ ముక్కు వచ్చి హుక్కు మీద కూసుంటది. అదొక రెండు వందలు."

నేను వేళ్ల మీద లెక్కపెట్టి గెలిచినట్టు నవ్వాను. "పద్దెనిమిది వందలు! సరిపోయింది కదా!"

"సరిపోయింది. మీరు పొద్దున తిన్న టిఫినుకే జాగా లేదు."

నేను తిన్నది నాలుగు ఇడ్లీలు, ఒక వడ. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

"ఇప్పుడేం చెయ్యాలంటరు?"

"వెనక జోడీ మార్చాలె. ఎక్కువ లోడు మోసేవి వేసుకోవాలె."

"జోడీ ఎందుకు? ఒకటి మారిస్తే సాలదా?"

"ఒక్కటి ఎవరన్నా మారుస్తరా? ఒక ఇరుసుకి రెండూ ఒకలెక్కనే ఉండాలె. లేకుంటే బండి ఒక పక్కకే గుంజుతది."

"అర్థమైంది. అమ్మాలని చూస్తున్నరు."

ఆమె ముఖం ఎర్రబడింది. "కొనకుండ్రి. సగం సామాను ఇక్కడ దించి, రెండు ట్రిప్పులు వెయ్యుండ్రి. దానికి నేనేం తీసుకోను."

"దేగ్చాలు దించిపోతే పెళ్లోళ్లు బిర్యానీ ఎందులో వండుతరు? మీ టైర్లలోనా?"

సరిగ్గా అప్పుడే ఆమె తండ్రి అహ్మద్ పాషా చాచా చాయ్ తాగి వచ్చాడు. మా అమ్మకు ఎప్పటినుంచో తెలిసినవాడు. సంగతంతా విని, నా టైరును కాలితో ఒకసారి తట్టి, "కొత్తగున్నయి బేటీ. కంపెనీ టైర్లే కదా, పోనీ," అన్నాడు.

నేను కాలరు సర్దుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం తండ్రి వైపు చూసి తల దించుకుంది. ఆ చూపు నాకు నచ్చలేదు. గెలిచింది నేనే, కానీ నాకే నచ్చలేదు.

"ముప్పై ఏండ్లకెళ్లి చేస్తున్న పని ఇది," అన్నాడు చాచా నాతో. "మా ఆతియా మూడేండ్లకెళ్లి కూసుంటుంది. తెలివైందే. కానీ శుక్రవారం సత్తుపల్లి నుంచి వస్తున్నరు రిష్తా మాట్లాడనీకి. కుదిరితే ఇగ షాపుల కూసోదు. వాళ్లకు ఇష్టం లేదంట, ఆడపిల్ల టైర్లు ముట్టుడు."

ఆతియా కంప్రెసర్ ఆన్ చేసింది. వెనక టైర్లకు గాలి పెంచింది. ట్రాలీ టైర్లు కూడా చూసింది. అంతా అయ్యాక షాపు కార్డు ఒకటి నా చేతిలో పెట్టింది.

"పది కిలోమీటర్లకు ఒకసారి ఆగాలె. అరచెయ్యి టైరు మీద పెట్టి పది లెక్కపెట్టాలె. పది దాకా ఉంచగలిగితే పోవచ్చు. ముందే చెయ్యి తీస్తే, ముందుకు పోవద్దు. ఫోన్ చెయ్యుండ్రి."

"మీ నంబరు ఇయ్యనీకి ఇంత కథ ఎందుకు మేడం? అడిగితే రాసుకునేటోణ్ణి."

"షాపు నంబరు అది," అంది. కానీ పెదవి చివర ఏదో కదిలింది. నేను చూశాను. ప్రమాణం చేసి చెబుతాను, చూశాను.

*

మొదటి పది కిలోమీటర్లకు నేను ఆగలేదు. రెండో పదికీ ఆగలేదు, ఆ తర్వాతా ఆగలేదు. ఒక అమ్మాయి చెప్పిందని రోడ్డు పక్కన టైరు మీద చెయ్యి పెట్టి ఒకటి, రెండు లెక్కపెట్టేవాడిని ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?

పాల్వంచ దాటి మణుగూరు దారిలో అడవి మొదలయ్యాక బండి వెనక భాగం మెల్లగా ఊగడం తెలిసింది. ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు. పైన ఎండ మండిపోతోంది. నా చేతిలో స్టీరింగ్ ఉంది కానీ, బండి ఎటు పోవాలో వెనక జనరేటర్ చెబుతున్నట్టుంది. నాకు భయమేసింది. నెమ్మదిగా పక్కకు తీసి ఆపాను.

ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, ఎడమ వెనక టైరు మీద అరచెయ్యి పెట్టాను.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

చెయ్యి దానంతటదే వచ్చేసింది. మళ్లీ పెట్టాను. మళ్లీ నాలుగే.

ఫోన్ తీశాను. ఆమె ఎత్తింది. "హలో" కూడా అనలేదు.

"ఎంతదాకా లెక్కపెట్టినవ్?"

"నాలుగు."

అటునుంచి కంప్రెసర్ ఆపిన చప్పుడు వినిపించింది. తర్వాత, "బండికి దూరంగా నిలబడు. గాలి తీయకు, నీళ్లు పొయ్యకు. వస్తున్నం," అంది.

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని నేను అప్పుడు గమనించలేదు. గమనించి ఉంటే ఆ గంటన్నర ఎండ అంత వేడిగా ఉండేది కాదు.

తండ్రీకూతుళ్లు ట్రాలీ ఆటోలో వచ్చారు. ఆతియా కొత్త జోడీని రిమ్ములకు ఎక్కించే తెచ్చింది. దిగీ దిగగానే నన్ను పైనుంచి కిందికి చూసింది. నాకు ఏమీ కాలేదని తెలిసి గట్టిగా ఊపిరి వదిలింది. ఆ వెంటనే కోపం తెచ్చుకుంది.

"మొదటి పది కిలోమీటర్లకు ఆగినవా?"

"లే."

"రెండో పదికి?"

"లే. కానీ పాల్వంచ దాటినంక—"

"జాకీ పట్టుకో."

జనరేటర్ హుక్కు విప్పి, దాని చక్రాలకు రాళ్లు పెట్టాము. దేగ్చాలన్నీ కిందికి దించాము. ఆమె చెబుతుంది, నేను చేస్తాను. ఊడదీసిన ఎడమ టైరును చాచా తిప్పి చూశాడు. లోపలి పక్కన, బయటికి కనిపించని చోట, నిమ్మకాయంత ఉబ్బు లేచి ఉంది.

"ఇంకో పది కిలోమీటర్లు పోయుంటే..." అని ఆగాడు. ఆ మాట ఆయన పూర్తి చేయలేదు. నేనూ పూర్తి చేయమనలేదు.

కాసేపటికి ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. "నేను కాలితోని తన్ని చూసిన బేటీ. నువ్వు చదివి చెప్పినవ్. నీ మాటే ఖరారు."

ఆతియా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. స్పానరు పట్టుకున్న చేతి వెనకభాగంతో తుడుచుకుంది. బుగ్గ మీద నల్లటి చార పడింది. దాని గురించి చెప్పాలా వద్దా అని నేను చాలాసేపు ఆలోచించి, చెప్పకుండా ఊరుకున్నాను. బాగుంది మరి.

చివరి బోల్టు బిగించేసరికి వాన దిగింది. ముగ్గురం మా టెంట్ హౌస్ తాడిపత్రి పట్టా కిందకి దూరాము. పైన వాన చప్పుడుకు పక్కవాళ్ల మాట కూడా వినిపించడం లేదు. ఇంటి దగ్గర అమ్మ కంగారుపడుతుందని ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాను.

"అమ్మీ, కంపెనీ టైర్లు లోడుకు ఆగలే. పాషా చాచా కూతురు ఆతియా వచ్చింది. కొత్త జోడీ కుదిరింది. చాచా గూడ ఆమె మాటే ఖరారన్నడు. ఇగ ఫికర్ లేదు, అబ్బాకు చెప్పు."

పంపేశాను. వాన తగ్గింది. నా బండికి బరువు తగ్గాలని చాచా దేగ్చాలు, పైపులు వాళ్ల ఆటోలోకి ఎక్కించుకుని మణుగూరు దాకా తెచ్చి దింపిపోయాడు. దారిలో మూడుసార్లు ఆగి చెయ్యి పెట్టి చూశాను. మూడుసార్లూ పది దాకా లెక్కపెట్టాను. ఒకసారి పదిహేను కూడా అన్నాను.

*

పెళ్లి బాగా జరిగింది. జనరేటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. నేను మాత్రం పెళ్లికూతుర్ని చూసినప్పుడల్లా శుక్రవారం గుర్తొచ్చి బిర్యానీ సరిగ్గా తినలేకపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం, జుమ్మా నమాజు అయ్యే వేళకు చండ్రుగొండ చేరాను. పాత టైర్లు తీసుకోవాలి, అదీ నా సాకు. షాపు ముందు ఒక కారు, గడప దగ్గర ఆడవాళ్ల చెప్పులు. లోపల మిఠాయి డబ్బా కనిపించింది.

సత్తుపల్లి వాళ్లు వచ్చేశారన్నమాట. ఇక ఆమె గేజి పట్టుకోదు. టైర్లు చదవదు. ఎవడు ఎంత లోడుతో పోతున్నాడో ఎవరూ అడగరు. బండి తిప్పి వెళ్లిపోదామనుకున్నాను. కానీ ఆ చెప్పుల్లో ఒక జత మా అమ్మది.

లోపలికి పరుగెత్తాను. అమ్మ టైర్ల దొంతర మీద దర్జాగా కూర్చుని ఉంది. పక్కన ఖాలా, అంటే అమ్మ చెల్లెలు. అమ్మ ఒడిలో జరీ దుపట్టా. ఎదురుగా ఆతియా, నన్ను చూడగానే లేచింది.

"ఏంది నువ్వు మీ అమ్మీకి చెప్పింది? జోడీ కుదిరిందని చెప్పినవా?"

"అవ్, చెప్పిన. టైర్ల జోడీ!"

అమ్మ నోరు తెరిచింది. "టైర్లదా?"

"ఇంకేంది మరి?"

అమ్మ ఫోన్ తీసి అందరికీ వినిపించింది. ముందంతా వాన హోరు. అందులోంచి నా గొంతు ముక్కలు ముక్కలుగా: "...చాచా కూతురు ఆతియా... జోడీ కుదిరింది... చాచా గూడ... ఖరారన్నడు... అబ్బాకు చెప్పు." టైర్లన్న మాట మాత్రం వానలో కొట్టుకుపోయింది.

ఖాలా దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. చాచా సీలింగ్ ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"మరి సత్తుపల్లి వాళ్లు?" అని అడిగాను.

"రారు," అన్నాడు చాచా. "రావద్దని మొన్ననే చెప్పిన. ఆ టైరును చేతితోని పట్టుకున్నంక, ఈ పిల్లను షాపుల కూసోవద్దని నేను ఏ నోటితోని చెప్పాలె?"

నా గుండె మీద నుంచి జనరేటర్ దించినట్టయింది. ఇక నాకు సాకు అక్కర్లేదు, నిజం చెప్పాలి. టైర్ల షాపులో, అమ్మ ముందు, ఆమె తండ్రి ముందు.

"అమ్మీ, నేను చెప్పింది టైర్ల గురించే," అన్నాను. "కానీ నువ్వు విన్నది తప్పు కాదు. నేను ఆతియానే చేసుకుంట. ఆమెకు ఇష్టమైతేనే."

ఆతియా నన్ను తినేసేలా చూసింది. తర్వాత మా అమ్మ వైపు తిరిగింది. "షాపు మూయను ఆంటీ."

"మూయమన్నదెవరు?" అంది అమ్మ. "నేను ఇరవై ఏండ్లకెళ్లి జనరేటర్ హ్యాండిల్ తిప్పుతున్న. ఆ టైరు ఉబ్బు సంగతి మీ అబ్బా చెప్పినప్పటికెళ్లి నా గుండె దడ తగ్గలే. వీణ్ణి ఆపి అడిగేటోళ్లు ఒకరు కావాలె బేటీ. నా మాట ఎట్లాగూ వినడు."

ఆతియా నా వైపు తిరిగింది. ముఖంలో కోపం ఇంకా ఉంది, కానీ పెదవి చివర మళ్లీ అదే కదలిక.

"చెయ్యి చాపు," అంది.

చాపాను. నా అరచేతిలో గేజి పెట్టింది. దాని రెండో కొస తన చేతిలోనే ఉంచుకుంది.

"పది దాకా లెక్కపెట్టు. మనసు మారితే ముందే తీసెయ్యి. ఎవ్వరం ఏమనుకోం."

ఒకటి అన్నాను. రెండు, మూడు. నాలుగు దగ్గర ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. తల పక్కకు తిప్పుకుంది. గేజి మాత్రం వదల్లేదు. ఆరు నుంచి అమ్మ కూడా నాతో కలిసింది. పది అనేసరికి షాపులో అందరం అరిచాము.

"అల్‌హమ్‌దులిల్లాహ్," అన్నాడు చాచా, కళ్లు తుడుచుకుంటూ. అమ్మ దుపట్టా తీసి ఆతియా భుజాల మీద కప్పింది.

ఆతియా ఆ జరీ దుపట్టాను నడుముకు బిగించి, గేజి లాక్కుని, నన్ను దాటుకుని బయటికి నడిచింది.

"ఎటు పోతున్నవ్?" అన్నాను.

"మీ అమ్మీని ఎక్కించుకుని పోతవ్ కదా ఇప్పుడు," అంది నా వెనక టైరు దగ్గర కూర్చుంటూ. "గాలి చూడొద్దా?"