తిత్తి మూగబోయిన రోజు

"ఏయ్, ఏంటా గుసగుసలు?"

బేగాయిమ్ ఉలిక్కిపడింది. గుర్రపు పాలు పులిసి కిమిజ్ అయ్యే తోలుతిత్తికి చెవి ఆనించి వింటూ, గుడారం గుమ్మంలో నిలబడ్డ కలిస్‌కి దొరికిపోయింది. అతని భుజాన జీను, జుట్టునిండా వాన.

"వింటున్నానంతే. మీ తిత్తిని కొరుక్కు తింటానా?"

"వచ్చిన రోజు మా కిమిజ్ వాసనకే ముక్కు మూసుకున్నావు. ఇప్పుడు దొంగచాటు ముచ్చట్లా, డాక్టరమ్మా?"

"డాక్టర్ని కాదు, బాక్టీరియా చూసేదాన్ని. ఎన్నిసార్లు చెప్పాలి?"

బిష్కెక్ నగరంలోని ల్యాబులో పేగుల బాక్టీరియా మీద పని ఆమెది. తీరా ఆమె పేగులే బోసిపోయాయి. పోయిన చలికాలం న్యుమోనియాకి వాడిన మందులు చెడ్డవాటితో పాటు మంచివాటినీ ఊడ్చేశాయి. ఏం తిన్నా కడుపులో నిలవలేదు, మనిషి పుల్లలా అయింది. కిమిజ్ తాగడానికి ఈ కొండ మేతభూముల్లోకి వచ్చి ఇరవై రోజులు. ఇప్పుడు రెండుపూటలా గొర్రెమాంసం అరుగుతోంది. ఒక్క పొట్ట సాక్ష్యం చాలదని ఆమెకు తెలుసు. అయినా ఆ తిత్తిలో ఏముందో తెలుసుకోకుండా ఉండలేకపోతోంది.

అంతలో తిత్తి గుర్రుమంది. వెంటనే కలిస్ పొట్ట, ఆ తర్వాత ఆమె పొట్ట, మూలన ఉన్ని వడుకుతున్న కలిస్ నాయనమ్మ బురుల్ అవ్వ పొట్ట, అన్నీ ఒకే శ్రుతిలో గుర్రుమన్నాయి.

కలిస్ పడీపడీ నవ్వాడు. ఆమెకు మాత్రం ఒళ్ళు జలదరించింది.

"పిల్లల్ని పిలుచుకుంటోంది," అంది అవ్వ తల ఎత్తకుండా. "ఇప్పుడు నువ్వూ దాని పిల్లవే."

"గ్యాసు అవ్వా, అంతే!"

"గ్యాసుకి శ్రుతి ఎవరు నేర్పారే పిల్లా?"

మర్నాడు పొద్దున తిత్తి పలకలేదు. కవ్వంతో వెయ్యిసార్లు చిలికినా ఉలుకూ పలుకూ లేదు. గుర్రాలు పాలు పిండనివ్వలేదు. కుక్క గుడారం దరిదాపులకే రాలేదు. తొమ్మిదిమంది కోడళ్ళ చేతులు దాటి వచ్చిన చేమిరి, పాలను పులియబెట్టే ఆ తోడు, చచ్చిపోయింది. అవ్వ అటు తిరిగి పడుకుంది, పిలిచినా లేవలేదు.

కారణం బేగాయిమ్‌కి తెలుసు. శాంపిల్ శుభ్రంగా రావాలని నిన్న సాయంత్రం కవ్వాన్ని క్రిములు చంపే మందులో నానబెట్టి, తిరిగి తిత్తిలో ముంచింది. పాడు అలవాటు! నోరు మూసుకుంటే రేపటి బస్సెక్కి వెళ్ళిపోవచ్చు. చెబితే కలిస్ మళ్ళీ తన మొహం చూడడు. ఆ మొహం చూడకుండా ఉండటం ఇక తనవల్ల కాదని అప్పుడే ఆమెకు తెలిసొచ్చింది.

"నేనే చంపాను," అంది, జరిగిందంతా చెప్పేసి.

కలిస్ కవ్వాన్ని పైకి తీసి వాసన చూశాడు. "మందులు నీ కడుపుకి చేసిందే నువ్వు మా తిత్తికి చేశావన్నమాట."

"అవును. కానీ పోయినవారం అడక్కుండా ఒక చెంచాడు కిమిజ్ తీశాను. గాజుగొట్టంలో పోసి వాగునీళ్ళలో పెట్టాను. బతికే ఉండాలి."

"దొంగతనం కూడానా!"

"పరాయిచెయ్యి పోస్తే పట్టదు," అంది అవ్వ, ఇటు తిరక్కుండానే. "కోడలే పొయ్యాలి."

కలిస్ చెవులు ఎర్రబడ్డాయి. "అయితే... నువ్వు పరాయిదానివి కాకపోతే?"

"ఇది పెళ్ళి అడగడమా, తిత్తికి వైద్యమా?"

"తిత్తి బతక్కపోయినా అడిగేవాణ్ణే. రేపు బస్సు దగ్గర అడుగుదామనుకున్నా. పొద్దుట్నుంచీ ధైర్యం కూడగట్టుకుంటున్నా."

"నాకూ నువ్వంటే ఇష్టం," అంది ఆమె. ఏడుపొచ్చింది. "పోస్తాను."

తిత్తిని కడిగి, పొగబెట్టి, తాజా పాలు నింపి, గాజుగొట్టంలో దాచినది తన చేత్తోనే పోసింది. ఆ రోజంతా నిశ్శబ్దం. మర్నాడు బస్సు ఆమె లేకుండానే వెళ్ళింది. అప్పటికీ తిత్తి పలకలేదు.

మూడోరోజు మధ్యాహ్నం తిత్తి ఊపిరి పీల్చింది. ఆ తర్వాత మెల్లగా, స్పష్టంగా, "కలిస్," అంది.

అవ్వ లేచి కూర్చుంది. "ఇన్నాళ్ళూ ఇందులో మా అత్త గొంతు వినేదాన్ని. ఇది ఆమెది కాదు," అంటూ తన తెల్లరుమాలు విప్పి, కోడలి గుర్తుగా బేగాయిమ్ తలకు చుట్టింది.

కలిస్ మూసుకుని ఉన్న బేగాయిమ్ పెదాల వంక చూశాడు. "నువ్వు పిలిచావా?"

"లేదు."

"నీ గొంతే."

"నాదే," అంది ఆమె సన్నగా.

"మరి నేనిప్పుడు ఎవరికి పలకాలి?"

"ఇద్దరికీ," అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుంది.