మూడో వరసలో ఆవిడ

ఎల్బీ నగర్ దాటి హయత్‌నగర్ వైపు పోతుంటే పాత కార్లు అమ్మే యార్డు ఒకటి ఉంది. పగలు చూస్తే అందులో ఏమీ లేదు. రేకుల షెడ్డు, వరసగా కార్లు, అద్దాల మీద తెల్లరంగుతో రాసిన ధరలు. చీకటి పడిందంటే మాత్రం దాని వెనక గోడ దగ్గరికి ఎవరూ పోరు. గేటు దగ్గరి చాయ్ బండివాడు కూడా అటు వీపు పెట్టి గ్లాసులు కడగడు.

ఆ గోడ దగ్గర ఒక పెద్ద తెల్లబండి ఉంది. ఏడు సీట్లది. పెళ్ళికొచ్చిన మేనమామలా ఎత్తుగా, దర్జాగా నిలబడి ఉంటుంది. ధర చూస్తే నమ్మలేనంత తక్కువ. అయినా కొనే నాథుడు లేడు.

ఎందుకంటే — దాని మూడో వరసలో ఎవరో ఉన్నారు.

నల్గొండ వైపు కుటుంబానిదట ఆ బండి. ఇంటిల్లిపాదీ గుట్టకు దర్శనానికి పోయి, బాగా పొద్దుపోయాక తిరిగొచ్చారట. ఇంటి ముసలావిడ అండాలమ్మను మూడో వరసలో, అటొక సంచీ ఇటొక సంచీ మధ్యన కూర్చోబెట్టారట. ఇల్లు రాగానే అందరూ బిలబిలా దిగారు. ఈ బండ్లతో ఒక తిరకాసు ఉంది — ఎవరైనా మధ్య సీటు వంచితే తప్ప వెనకవాళ్ళు దిగలేరు. ఎవరి నిద్ర వాళ్ళది... ఎవరూ వంచలేదు. తెల్లారి చూస్తే —

తెల్లారి ఏం చూశారన్నది ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. ఆవిడ పోయిందని కొందరు. సంచులున్నాయి గానీ ఆవిడ లేదని కొందరు. అందరూ ఒప్పుకునేది ఒక్కటే. రాత్రిపూట ఆ బండి పక్కనుంచి పోతే లోపలినుంచి సన్నగా వినిపిస్తుందట.

"జర... గా సీటు వంచుండ్రి..."

ఈ కథను దిల్‌సుఖ్‌నగర్‌లో కుసుమకుమారి ఇంటికి మోసుకొచ్చింది ఆవిడ భర్త విశ్వేశ్వరరావే. తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. దెయ్యాల్ని నమ్మడు. "ఉందనుకుందాం, నిరూపించు" అంటాడు. అయితే ఆ బండిని చూడ్డానికి పోయి, చాయ్ బండి దగ్గర ఈ కథ విని వచ్చినవాడు, కాళ్ళు కడుక్కునేలోపే కొత్త బండి వైపు మొగ్గాడు.

"భయం కాదే," అన్నాడు భార్యతో. "పాత బండి ఇంజిను సంగతి ఎవడికి తెలుసు? కొరివితో తల గోక్కోవడం దేనికని."

కొడుకు గౌతమ్ కూడా కొత్తదే అన్నాడు. పైకప్పు తెరుచుకుంటుందట. పిల్లలు తలలు బయట పెట్టి కేకలు వేయొచ్చట. ఐదు సీట్లట.

ఐదు సీట్లు అన్న మాట దగ్గర కుసుమకుమారి చేతిలో గరిటె ఆగింది.

ఆ ఇంట్లో భార్యాభర్తలు కాక అత్తగారు వెంకాయమ్మ, గౌతమ్, కోడలు అమల, ఇద్దరు పిల్లలు. ఇప్పుడున్నదీ ఐదు సీట్ల కారే. పిల్లల్లో ఒకర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే అందరూ పడతారు — ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు ఎప్పుడూ కుసుమకుమారే. "ఇల్లు చూసుకోవాలిగా కుసుమా" అంటాడు విశ్వేశ్వరరావు. ఇల్లేమన్నా లేచి పారిపోతుందా? వాళ్ళు శ్రీశైలం పోయిన ప్రతిసారీ ఆవిడ చీకటితో లేచి పులిహోర కలిపి, డబ్బాలకెత్తి, గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. శ్రీశైలాన్ని ఆవిడ చూసింది ఫోనులో ఫొటోల్లోనే. పులిహోర డబ్బాలకు కూడా కారులో చోటుంది.

"పెద్ద బండైతే బాగుంటుందేమోనండీ," అని ఒకసారి అంది. టీవీలో క్రికెట్ నడుస్తోంది. ఎవరూ వినలేదు.

శుక్రవారం మంచి రోజు, పోయి కొత్తదానికి అడ్వాన్సు కట్టేద్దాం అన్నాడు విశ్వేశ్వరరావు. అది కట్టేస్తే ఇక ఈ జన్మకు శ్రీశైలం లేనట్టే. కుసుమకుమారికి ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది — మొగుడి మీద కాదు, దెయ్యం మీద. తను పోయిందే కాక, నా సీటు కూడా పట్టుకుపోవాలా?

గురువారం సాయంత్రం సాయిబాబా గుడికని బయల్దేరింది. దండం పెట్టుకుంది. ఇంటికి మాత్రం రాలేదు. మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగి, ఆటో మాట్లాడుకుంది.

చేరేసరికి చీకటి పడింది. యార్డు చూసుకునే శేఖర్ గేటు వేయబోతున్నాడు.

"రేపు పొద్దుగాల రాండ్రి మేడం."

"రేపటికి నా పని అయిపోతుంది బాబూ. ఆ తెల్లబండి చూపించు."

శేఖర్ గేటు మీంచి చెయ్యి తియ్యలేదు. "గదా... గీడికెల్లి గూడ మంచిగనే కనబడ్తది."

"లోపల కూర్చుని చూడాలి."

"లోపల్నా?"

వెనక గోడ దాకా వచ్చాడు గానీ, ఇంకా చాలా దూరముండగానే ఆగిపోయి తాళం మీట నొక్కాడు. బండి లైట్లు ఒక్కసారి మిణికి ఆరాయి.

"చూస్తుండుండ్రి. నేను జర చాయ్ తాగొస్త. గీడ ఒక్కన్ని ఉండాల్నంటే పరేషాన్ అయితది."

"నేనున్నానుగా?"

"మీరు లోపలికి పోయినంక నేను ఒక్కన్నే గద మేడం," అన్నాడు శేఖర్, అప్పటికే నడుస్తూ.

ఆవిడ మిగిలింది. బండి మిగిలింది.

హైవే మీద బస్సుల రొద ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. కుసుమకుమారి చెప్పులు విప్పింది. తనది కాబోయే బండిలోకి చెప్పులతో ఎక్కుతుందా ఎవరైనా? గుడి దగ్గరి అలవాటు కొద్దీ, దిగగానే తొడుక్కోడానికి వీలుగా వాటిని బయటి వైపుకు తిప్పి పెట్టింది. చేతిసంచీ ముందు సీటు మీద పడేసింది. మధ్య సీటు ముందే వంచి ఉంది. వంగి, పాకి, మూడో వరసలోకి చేరి, కిటికీ పక్కన కూర్చుంది. దోమలొస్తున్నాయని తలుపు లాక్కుంది.

లోపల వాడిన పూల వాసన.

"అండాలమ్మగారూ..." అని పిలిచింది మెల్లగా. "ఉన్నారా?"

చెవి దగ్గర ఒక దోమ గుయ్యిమంది.

"ఉంటే ఉండండి. నాకేం అభ్యంతరం లేదు. వెనక ఇద్దరికి చోటుంది. మీకొకటి, నాకొకటి. రాత్రిళ్ళు అరవకండి, అంతే... మా అత్తగారికి బీపీ."

ధన్‌మని ఏదో విరుచుకుపడింది.

కుసుమకుమారి కళ్ళు గట్టిగా మూసుకుని, కాసేపటికి ఒకటి తెరిచింది. మధ్య సీటు. వంచి ఉన్నది దానంతట అదే వెనక్కి పడి బిగుసుకుంది. తోసింది, లాగింది, కింద చెయ్యి పెట్టి వెతికింది. ఊహూఁ. మీట ఎక్కడుందో తెలిస్తేగా! ఫోను చేతిసంచీలో ఉంది, చేతిసంచీ ముందు సీట్లో ఉంది.

అప్పుడు వెలిగింది ఆవిడకు. ఇదా సంగతి! బండి చూడ్డానికొచ్చి, ఇలాగే ఇరుక్కుని, సీటు వంచమని మొత్తుకున్న ఆడవాళ్ళు ఎందరో! విన్నవాళ్ళు పరిగెత్తడమే గానీ ఒక్కడూ వంచిన పాపాన పోలేదన్నమాట. చీకట్లో ఒక్కతే నవ్వుకుంది. నవ్వీ, పిలిచీ గొంతు ఎండిపోయింది.

అడుగుల చప్పుడు...

"ఎవరూ లేరు. వెళ్ళిపోదాం నాన్నా." — గౌతమ్ గొంతు!

"ఆగరా. రేపు అడ్వాన్సు కట్టేముందు ఇంకోసారి చూస్తే పోయేదేముంది? ఆ రేటుకి ఇంత బండి మళ్ళీ దొరుకుతుందా?" — విశ్వేశ్వరరావు.

కుసుమకుమారికి ప్రాణం లేచొచ్చింది. ఫోను లైటు నల్లటి అద్దాల మీద పాకింది, కిందికి దిగింది... అక్కడే ఆగిపోయింది.

"నాన్నా. చెప్పులు."

"ఎవరో మర్చిపోయుంటారు."

"ఆడవాళ్ళవి నాన్నా. అవి... వెనక్కి తిరిగున్నాయి."

ఫోను లైటు ఒక అడుగు వెనక్కి జరిగింది.

"ఎక్కేవాళ్ళు బండి వైపు తిరిగి విప్పుతారు కదా," అన్నాడు గౌతమ్, గొంతు సన్నబడిపోయి. "ఇవి ఇటు తిరిగున్నాయంటే... పాదాలే..."

ఆ చెప్పులు రోజూ పొద్దున్నే గుమ్మంలో కాలికి తగిలి విశ్వేశ్వరరావు విసుక్కునేవే.

"ఏమండీ..." అంది లోపలినుంచి కుసుమకుమారి, ఎండిన గొంతుతో. "కాస్త ఆ సీటు వంచండి..."

"అమ్మో!" అని కేక వేసింది లెక్కల మాస్టారు.

కుసుమకుమారికి నవ్వు రాలేదు. మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ 'ఏమండీ'ని ఎన్ని వేలసార్లు విని ఉంటాడు? కాఫీకి, అన్నానికి, మందులకి. ఒక్కసారి చీకట్లో తనకోసం ఏదో అడిగితే గుర్తుపట్టలేకపోయాడు.

సరే. దెయ్యమంటే దెయ్యమే.

"విశ్వేశ్వరరావూ!"

పెళ్ళయ్యాక మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నోరు తిరగదేమో అనుకుంది గానీ, ఎంచక్కా తిరిగింది.

"త... తల్లీ!"

"ఈ బండి కొను."

"కొంటాను తల్లీ."

"ముందు సీట్లో నీ ఇల్లాలిని కూర్చోబెట్టు. ఆవిడ లేకుండా ఈ బండి గేటు దాటిందో..."

దాటితే ఏం చేస్తుందో ఆవిడకు తోచలేదు. తోచకపోవడమే మేలయింది. బయట "అలాగే, అలాగే" అంటూ రెండు గొంతులు, ఆ వెంటనే దబదబా పరుగు. ముందు పరిగెత్తింది గౌతమ్ కాదు.

శేఖర్ చాయ్ తాగి నింపాదిగా వచ్చాడు.

"శేఖర్! సీటు వంచు!"

"మేడం... మీరేనా?" దూరంగానే నిలబడ్డాడు. "మీరే అని గ్యారంటీ ఏంది?"

"కస్టమర్ని బండిలో వదిలేసి చాయ్‌కి పోయావని మీ ఓనరుతో చెప్తాను."

శేఖర్ పరిగెత్తుకొచ్చి తలుపు తీశాడు. దెయ్యాలు ఓనరుకు ఫిర్యాదు చేస్తాయని అతను ఎక్కడా వినలేదు.

ఆవిడ ఇల్లు చేరి, కూర వేడిచేసి, అత్తగారికి మాత్ర ఇచ్చాక గానీ తండ్రీకొడుకులు రాలేదు. ఇద్దరి నుదుటా ఆంజనేయస్వామి సిందూరం. విశ్వేశ్వరరావు మంచినీళ్ళు తాగి, కుర్చీలో కూలబడి అన్నాడు.

"ఆ పెద్ద బండే తీసుకుందాం కుసుమా. కొత్తవాటిలో ఏముంది, అంతా ప్లాస్టిక్కు."

"మీ ఇష్టమండీ."

"నువ్వు ముందు కూర్చో."

"నేనెందుకండీ ముందు? వెనక ఎక్కడో సర్దుకుం —"

"వద్దు!" అని అరిచాడు. పక్కింటి కుక్క లేచి మొరిగింది.

బండి వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి, గుమ్మడికాయ పగిలింది. ఒకరోజు ఇంకా తెల్లారకముందే శ్రీశైలానికి బయల్దేరారు. పులిహోర డబ్బాలు కాళ్ళ దగ్గర పెట్టుకుని కుసుమకుమారి ముందు సీట్లో కూర్చుంది. అంత పెద్ద అద్దంలోంచి రోడ్డంతా తనవైపే వస్తోంది. చిన్నపిల్లలా సంతోషపడింది. చీర కొంగు సర్దుకుంటూ ఆ సంతోషాన్ని దాచుకుంది.

బడంగ్‌పేట్ దాటాక వీధిలైట్లు పలచబడ్డాయి. పిల్లలకు దుప్పటి కప్పారో లేదో చూద్దామని వెనక్కి తిరిగింది. మధ్య వరసలో వెంకాయమ్మ, అమల, పెద్దవాడు. చిన్నవాడు అమల ఒళ్ళో. మూడో వరసలో గౌతమ్ ఒక మూలకు అతుక్కుపోయి కూర్చున్నాడు. పక్కన కిటికీ సీటు ఖాళీ.

"అదేంట్రా? అంత చోటు పెట్టుకుని పిల్లాణ్ణి ఒళ్ళో కుక్కారెందుకు?"

గౌతమ్ తండ్రి వైపు చూశాడు. విశ్వేశ్వరరావు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

"నీకు చెప్పి భయపెట్టకూడదనుకున్నాం కుసుమా," అన్నాడు గుసగుసగా. "ఈ బండిలో ఆ రాత్రి... ఇద్దరు మాట్లాడారు."

కుసుమకుమారి పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. "ఇద్దరా?"

"నిన్ను ముందు కూర్చోబెట్టమని ఒకావిడ. అబ్బ, ఏం గొంతది! తల్చుకుంటే ఇప్పటికీ వణుకొస్తుంది. రెండో ఆవిడ పాపం నెమ్మదస్తురాలు."

"ఆవిడేమంది?"

వెనకనుంచి గౌతమ్ చెప్పాడు.

"'నాకు కిటికీ దిక్కు ఇయ్యుండ్రి బిడ్డా' అంది."

కుసుమకుమారి పెదవి మీది నవ్వు పోయింది. ఆ మాట తను అనలేదు. తనకా యాసే రాదు. ఆ రాత్రి ఆ సీట్లో, కిటికీ పక్కన కూర్చున్నది తనే... మరి తన పక్కన?

ఇప్పుడు మొదటి గొంతు నాదేనని చెప్పేస్తే ముందు సీటు పోతుంది. చెప్పకపోతే... ఆ ఖాళీ సీటు వైపు ఇంకోసారి చూసింది. అందరూ పోయాక వెనక మిగిలిపోవడం ఎలా ఉంటుందో తనకు తెలియనిదేం కాదు.

ఒక డబ్బా తీసి వెనక్కి అందించింది.

"గౌతమ్, అది ఆ సీటు మీద పెట్టు. గాలి తగిలేలా అద్దం కాస్త దించు."

"అమ్మా!"

"దించరా."

అద్దం దిగింది. చల్లగాలి లోపలికొచ్చింది. చీకట్లో, ఖాళీ సీటు దగ్గర — సీటు బెల్టు టక్కుమని పడింది.

గౌతమ్ రెండు చేతులూ తన ఒళ్ళోనే ఉన్నాయి.

"పోనివ్వండి," అంది కుసుమకుమారి. "శ్రీశైలం ఆవిడ కూడా చూడలేదేమో."